ఐదు కొవ్వొత్తుల బల్ల

డిసెంబర్ 7, ఆదివారం

నేను అబద్ధం చెప్పలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగనిదానికి చెప్పకపోవడం అబద్ధం కాదు.

సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. చర్చి నుంచి చాలామందే వచ్చారు. హాల్లో చాప మీద మామ్మ పక్కన కూర్చున్నాను. మామ్మ ప్రార్థన మొదలుపెట్టిందంటే తొందరగా అవదు, ఆమదాలవలసలో జబ్బుగా ఉన్నవాళ్లందరి పేర్లూ వస్తాయి. రైల్వే క్వార్టర్స్ దాకా వచ్చింది. అప్పుడు నా కడుపులోంచి ఏదో పైకి లేచింది. జెయింట్ వీల్ కిందికి దిగేటప్పుడు లేస్తుందే, అలా. కాలిన రబ్బరు వాసన. తర్వాత ఏమీ లేదు.

మళ్లీ చూసేసరికి ప్రార్థన అయిపోయింది. పాట కూడా అయిపోయిందట. అందరూ నన్నే చూస్తున్నారు. మామ్మ నా గడ్డం పట్టుకుని ఏడుస్తోంది.

"ఓలమ్మా, సూసినారా! నా మనవరాలి మీదకి ఆత్మ దిగినాది. కళ్లు తెరిసే ఉన్నాది, పిలిస్తే పలకనేదు. పెదాలు కదుపుతన్నాది. దేవుడితోటి మాటాడతన్నాది మా షాలిని!"

అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ టీ కప్పుల ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు అత్తయ్యా. నీరసం," అంది.

"నీరసమేటే హేమా! ఆత్మకీ నీరసానికీ తేడా నాకు తెలదా? ఇన్నేళ్ల నుంచి ఉపవాస ప్రార్థనలకి తిరుగుతన్నాను, ఊరికేనా?"

నేను తల దించుకున్నాను. తల దించుకుంటే అవునన్నట్టు కాదు కదా. గడ్డం తడిగా ఉంటే చున్నీతో తుడుచుకున్నాను.

ఇది మొదటిసారి కాదు. అంతకంటే రాయను.

డిసెంబర్ 8, సోమవారం

గ్యాస్ట్రిక్ అయి ఉంటుంది. గ్యాస్ట్రిక్‌కి కాలిన రబ్బరు వాసన వస్తుందా?

డిసెంబర్ 10, బుధవారం

కాలేజీ నుంచి వచ్చేసరికి మామ్మ ఇనప్పెట్టె తీసి కూర్చుంది. ఇల్లంతా కలరా ఉండల వాసన. బల్ల గుడ్డ బయటికొచ్చింది.

మామ్మ అత్తగారు మిషన్ డాక్టరమ్మ బంగళాలో వంట చేసేదట. దొరసాని ఊరు విడిచి వెళ్లిపోతూ ఈ తెల్ల గుడ్డా, ఐదు కొమ్మల ఇత్తడి దీపస్తంభం, అరడజను ముళ్ల చెంచాలూ ఇచ్చి వెళ్లింది. అందుకని ఏడాదంతా టీవీ ముందు నేల మీద కూర్చుని తినేవాళ్లం క్రిస్మస్ రోజు మాత్రం బల్ల వేసుకుని తింటాం. ముళ్ల చెంచాలు పళ్లేల పక్కన పెట్టాలి. ఎవరూ ముట్టుకోరు, చేత్తోనే తింటాం. కానీ పెట్టకపోతే మామ్మ ఊరుకోదు.

కొవ్వొత్తులు వెలిగించడం మాత్రం పదహారు నిండిన ఆడపిల్ల పని. షీబా అత్త పెళ్లయి వెళ్లిపోయినప్పటి నుంచి మామ్మే వెలిగిస్తోంది. నాకు నవంబర్లో పదహారు నిండాయి.

"ఈ ఏడు నువ్వేనే," అంది మామ్మ. "వెలిగించి ప్రార్థన కూడా నువ్వే సెయ్యాల. అయ్యాక షీబా కూతుర్ని ఎత్తుకుని దీవించాల. ఆ బిడ్డకి ఇదే మొదటి కిస్మసు. ఆత్మ ఉన్న చెయ్యి పడితే మంచిది."

"నాకు రాదు మామ్మా. పెద్దవాళ్లు చెయ్యాలి అవన్నీ."

"నీకు రాకపోతే ఇంకెవులికొస్తాదే? చర్చిలో అందరికీ సెప్పినాను. సూడ్డానికొస్తామని కూడా అంటన్నారు."

అందరికీ చెప్పేసింది.

అత్త వైజాగ్‌లో పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. అత్త చూస్తే తెలిసిపోతుంది.

అత్తకి డ్యూటీ పడాలి. పండగ రోజు నర్సులకి డ్యూటీలు పడతాయి. పడాలి.

డిసెంబర్ 12, శుక్రవారం

అమ్మ బాత్‌రూమ్ తలుపుకున్న గడియ స్క్రూడ్రైవర్‌తో ఊడదీసేసింది. తుప్పు పట్టిందట. నిన్నటి దాకా బాగానే పడింది.

నేను ఫోన్ పట్టుకెళ్లి ఎవరితోనో మాట్లాడుతున్నానని అనుమానం కాబోలు. స్నానం చేస్తుంటే బయట నిలబడి, "షాలూ, నీళ్లు సరిపోయాయా? సబ్బుందా?" అని అడుగుతూనే ఉంటుంది. పలికేదాకా వదలదు. మా క్లాసులో ఎవరి అమ్మా ఇంత ఇదిగా ఉండదు.

దాచడానికి నా దగ్గర ఫోనూ లేదు, అబ్బాయీ లేడు. ఉన్నది ఒక్కటే.

డిసెంబర్ 14, ఆదివారం

నాన్న డ్యూటీ దిగి, సైకిల్ క్యారియర్‌కి సరుగుడు కొమ్మ కట్టుకుని వచ్చారు. కొమ్మ సైకిల్ కంటే పొడుగ్గా ఉంది. పాయింట్స్‌మన్ పాల్ గారు రైలుకి బదులు అడవిని లాక్కొస్తున్నారని స్టేషన్లో అందరూ నవ్వారట.

బకెట్లో ఇసక పోసి కొమ్మ నిలబెట్టాం. జామ్ సీసాలకి ఎర్ర రంగు వేశాను. క్రేప్ కాగితం గొలుసులు చేశాను. ఇవన్నీ చేస్తుంటే నాకు ఏమీ రాలేదు. చాలా బాగుంది. అసలు నాకేమీ లేదనిపించింది.

నాన్న సీరియల్ బల్బులు పెట్టారు. అవి టపటపా వెలిగి ఆరుతుంటే నా కడుపులో తిప్పింది.

"నాన్నా, ఆరకుండా పెట్టరా?"

"మెరవకపోతే డెకరేషనేటమ్మా? కరెంటాఫీసు లాగుంటాది."

నేను వేరే వైపు తిరిగి కూర్చున్నాను. పేపర్ నాప్‌కిన్ హంసలా మడవడం అమ్మ ఫోన్లో చూసి నేర్చుకుంటున్నాను. బల్ల మీద ప్రతి పళ్లెంలో ఒక హంస ఉండాలి. మొదట మూలకి మూల కలిపి మడవాలి, తర్వాత రెండు పక్కల

తర్వాత రెండు పక్కల

పైన రాసింది నేనే. రెండుసార్లు ఎందుకు రాశానో తెలీదు. పెన్ను గీత పేజీ చివరిదాకా పోయింది. నాలుక పక్కన తెగింది, ఉప్పగా ఉంది. ఒడిలో ఉన్న నాప్‌కిన్లన్నీ నలిగిపోయి ఉన్నాయి, నేనే నలిపినట్టున్నాను. నాన్న అక్కడే స్టూలెక్కి నక్షత్రం కడుతున్నారు, చూడలేదు.

ఆత్మ అయితే నాలుక ఎందుకు కొరుక్కుంటాను?

డిసెంబర్ 16, మంగళవారం

ప్రార్థన చేశాను. ప్రభువా, అది నువ్వే అయితే ఒక్క మాట చెప్పు. నేను తిరిగి వచ్చాక నాకు గుర్తుండేలా చెప్పు. ఒక్క మాట చాలు. ఇంగ్లీషైనా పర్లేదు.

ఏమీ లేదు. అక్కడ ఏమీ ఉండదు. చీకటి కూడా ఉండదు.

డిసెంబర్ 17, బుధవారం

రూతు పిన్ని గురించి రాస్తాను. రాస్తే తలలోంచి పోతుందేమో.

అమ్మకి ఒక చెల్లి ఉండేది. అమ్మ పెళ్లికి ముందే పోయింది. గజపతినగరంలో ఇంటి వెనక కాలువలో బట్టలు ఉతుకుతూ కాలు జారిందని చెప్తారు. నాకు ఆరేళ్లో ఏడేళ్లో ఉన్నప్పుడు అమ్మమ్మ నాకు తలంటుతూ అంది, "హేమా, దీన్ని నీళ్ల కాడ ఒంటరిగా ఒదలకే. మన రూతుకి వొచ్చినట్టు దీనికీ వస్తే ఎలాగే." అమ్మ పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నిజంగానే, చేత్తో మూసేసింది. అందుకే నాకు గుర్తుండిపోయింది.

మోకాలి లోతు కాలువ అది. నేనూ దిగాను. అందులో కాలు జారితే తడుస్తారు, అంతే.

నాన్న వాళ్లెవరికీ ఇది తెలీదు. ఇప్పుడు నేను చెప్పాననుకో, మామ్మ అడిగే మొదటి మాట, ఇది ఎవరింటి నుంచి వొచ్చినాది అని. అప్పుడు అందరూ అమ్మ వైపు తిరుగుతారు. చెప్పకపోతే నేను కూడా ఏదో ఒక చోట, ఏదో ఒక నీళ్ల దగ్గర.

చెప్పను. పండగ అయ్యేదాకా చెప్పను. రోజూ రాదు కదా. ఆ రోజే ఎందుకు వస్తుంది?

డిసెంబర్ 19, శుక్రవారం

అమ్మ నరసన్నపేట వెళ్లి బ్యాటరీ కొవ్వొత్తులు కొనుక్కొచ్చింది. నొక్కితే వెలుగుతాయి, నిప్పు ఉండదు. అచ్చం నిజంవాటిలాగే కదులుతుంది మంట.

మామ్మ ఒకటి పట్టుకుని తిరగేసి చూసింది. "ఏటివి?"

"ఇప్పుడందరూ ఇవే పెడుతున్నారు అత్తయ్యా. గుడ్డ మీద మైనం పడదు. పాత గుడ్డ కదా."

"యేసుబాబు పుట్టినరోజుకి సెల్లు లైట్లు పెడతావేటే? పై ఏడు బాబుని కూడా కీ ఇచ్చి ఊయల్లో పడుకోబెడదాం, కాళ్లు ఆడించుకుంటాడు!"

నాన్న నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయారు. నాకు కూడా నవ్వొచ్చింది. అమ్మకి రాలేదు.

"పోనీ మీరే వెలిగించండి అత్తయ్యా. దానికి అలవాటు లేదు, చెయ్యి కాల్చుకుంటుంది."

"పదారేళ్ల గుంట అగ్గిపుల్ల గియ్యలేదా? నువ్వు దాన్ని మరీ దూదిలో పెట్టి పెంచుతన్నావు హేమా. పొయ్యి కాడికి రానివ్వవు, డాబా ఎక్కనివ్వవు. రేపు అదేటి బతుకుతాది?"

అమ్మ బ్యాటరీ కొవ్వొత్తులు తీసి డబ్బాలో పెట్టేసింది. అమ్మకి నా మీద అంత నమ్మకం లేదా అని బాధేసింది. అదే అనుకున్నాను. అదే అయ్యుంటుంది.

డిసెంబర్ 21, ఆదివారం

గులాబీ పువ్వులు.

మొత్తం రాస్తాను. పువ్వు ఆకారంలో ఇనప అచ్చు ఉంటుంది, పొడవాటి కాడతో. ముందు దాన్ని నూనెలో వేడెక్కనివ్వాలి. తర్వాత పిండిలో ముంచాలి, పిండి అంచు పైకి రానివ్వకుండా. అంచు మునిగిందో పువ్వు అచ్చుని వదలదు. మళ్లీ నూనెలో పెట్టి, చిన్నగా ఆడిస్తే పువ్వు జారి తేలుతుంది. చూపు తిప్పకూడదు. మామ్మ చేస్తుంటే ఒక్కటీ విరగదు.

చర్చి నుంచి రాగానే మామ్మ నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టింది. అమ్మ, "నేను చేస్తాను," అంటే, "నీ చేతి పువ్వులు పప్పడాల్లాగ ఒస్తాయి, లెగు," అంది. అమ్మ వెళ్లలేదు. నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మామ్మ పంచదార పొడి చేయించడానికి పక్కింటి యమున వాళ్ల మిక్సీ దగ్గరికి వెళ్లింది.

బాగానే వచ్చాయి. మొదటివి విరిగాయి, తర్వాత బాగానే వచ్చాయి. నేను అమ్మతో ఏదో అంటున్నాను.

తర్వాత నేను గోడకి ఆనుకుని ఉన్నాను. వంటిల్లంతా పొగ. అచ్చు నేల మీద పడి ఉంది, దానికి నల్లటి బొగ్గులాంటిది అంటుకుని ఉంది. అమ్మ రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని ఉంది. అమ్మ పెదాలు కదులుతున్నాయి గానీ కొంతసేపు నాకు మాటలు వినపడలేదు. అమ్మ మణికట్టు దగ్గర ఎర్రగా పొంగింది.

మామ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏటా పొగ? ఏటైనాది?"

"నేనే మాడ్చాను అత్తయ్యా," అంది అమ్మ. "దాన్ని లెమ్మని నేను కూర్చున్నాను. ఏదో ఆలోచిస్తూ మాడ్చేశాను."

"సెప్పినానా? పప్పడాలు కూడా కాదు, బొగ్గులు సేసినావు."

అమ్మ చేతి మీద నీళ్లు పోసుకుంటూ నన్ను చూసింది. నేను అచ్చుకి అంటుకున్న మాడు గీకుతూ కూర్చున్నాను.

మామ్మ నన్ను తిట్టకూడదని అలా చెప్పింది. అమ్మలు అలా చెప్తారు.

అమ్మ చేతి మీద పడ్డ నూనె నా కళ్లలో పడి ఉండొచ్చు. అమ్మ కళ్లలో పడి ఉండొచ్చు.

డిసెంబర్ 22, సోమవారం

అమ్మ చేతికి బొబ్బ లేచింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని కజ్జికాయలు ఒత్తాం. నిన్నటి గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. కొబ్బరి కోరు ఎక్కువైందని మాత్రం అనుకున్నాం.

డిసెంబర్ 23, మంగళవారం

అత్తకి డ్యూటీ పడలేదు.

డిసెంబర్ 24, బుధవారం

పొద్దున్న రైలుకి వచ్చేశారు. షీబా అత్త, సంజయ్ మావయ్య, పాప. పాపకి ఎనిమిదో నెల. కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటోంది, నేను కష్టపడి చేసిన హంసల్లో ఒకదాని మెడ తినేసింది.

అత్త రాగానే పాపని నా చేతికి అందించబోయింది. "ఇదిగో మీ వదిన. ఎల్లు."

నేను వెనక్కి జరిగాను. "జలుబుగా ఉంది అత్తా."

"జలుబు మొహంలా లేదే?" అంది అత్త నవ్వుతూ. నా మొహాన్ని కొంచెం ఎక్కువసేపే చూసింది.

మధ్యాహ్నం మామ్మ మొదలుపెట్టింది. ఆత్మ దిగడం, కళ్లు తెరుచుకుని ఉండడం, పిలిస్తే పలకకపోవడం. నేను ఉల్లిపాయలు తరిగే వంకతో వంటింట్లో ఉన్నాను, అన్నీ వినపడుతున్నాయి.

"పెదాలు ఎలా కదిపినాదమ్మా?" అత్త అడిగింది. "మాటాడినట్టా, చప్పరించినట్టా?"

"ఏదో నములుతన్నట్టు. దేవుడి మాటలు మనకి తెలుస్తాయేటి?"

"తర్వాత ఏమంది? ఎక్కడున్నానో తెలీనట్టు చూసిందా?"

"అవునే! పైలోకం నించి దిగొచ్చినట్టు సూసినాది. నీకెలాగ తెలుసు?"

 అత్త వంటింట్లోకి వచ్చి నా చేతిలోంచి కత్తి తీసుకుని తను తరగడం మొదలుపెట్టింది.

"షాలూ, నాతో ఏదైనా చెప్పాలా?"

"ఏమీ లేదత్తా."

"చదువుకున్నదానివి కదా నువ్వు. చెప్తే ఏమవుతుందే?"

"ఏమీ లేదంటే ఏమీ లేదు."

అమ్మ అటు తిరిగి బియ్యం కడుగుతోంది. ఆ బియ్యం అప్పటికే కడిగినవి.

డిసెంబర్ 25, గురువారం, ఉదయం

చర్చికి వెళ్లొచ్చాం. అందరూ నన్ను చూసి చేతులు పట్టుకుంటున్నారు. మరిడమ్మ గారైతే, నా మోకాలి నొప్పి కోసం ప్రార్థన చెయ్యమ్మా అంది. చేస్తానన్నాను. నేనేనా అలా అన్నది?

కోడి పలావు, మాంసం, వంకాయ కూర, పెరుగు చట్నీ. కేకు కుక్కర్లో ఇసక పోసి చేశాం, ఒక పక్క ఒరిగింది. రెండు బల్లలు కలిపి వేశాం, ఒకటి పొట్టి, దాని కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టాం. గుడ్డ పరిస్తే ఏమీ కనపడదు.

ప్లాన్. గబగబా వెలిగిస్తాను. ప్రార్థన చిన్నది, ఆమేన్. పాప నుదుటి మీద దూరంనుంచే వేలు ఆనిస్తాను. ఎత్తుకోను. మొత్తం ఎంతసేపు? ఊపిరి బిగబడితే సరిపోయేంత.

మామ్మ పిలుస్తోంది.

డిసెంబర్ 26, శుక్రవారం

నిన్న రాయలేకపోయాను.

బల్ల చాలా బాగా కుదిరింది. అది రాయాలి. తెల్ల గుడ్డ మధ్యలో బంతి పూల రేకులు పరిచాను, ఎర్ర సీసాల్లో సరుగుడు రెబ్బలు పెట్టాను, పళ్లేల్లో హంసలు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని దొర లాగ కుర్చీలో బిగుసుకుని కూర్చుంటే మావయ్య, "బావా, రైలు ఎల్లిపోయినాది, ఊపిరి పీల్చు," అన్నాడు. కూర పొగలు కక్కుతోంది. కిటికీకి బల్బులు మెరుస్తున్నాయి. నేను కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను.

మామ్మ అగ్గిపెట్టె ఇచ్చింది. అమ్మ నా పక్కకి వచ్చి నిలబడింది, దాదాపు ఆనుకుని. ఐదూ వెలిగించాను. చెయ్యి కాలలేదు. మామ్మ కళ్లు తుడుచుకుంది. హమ్మయ్య అనుకుని ప్రార్థనకి కళ్లు మూసుకున్నాను.

కళ్లు మూసుకుని ఉండగానే చేతుల్లో బరువు పడింది. మామ్మ పాపని తెచ్చి నా చేతుల్లో పెట్టేసింది.

"ఎత్తి పట్టుకోయే. దీపాల ఎలుగు మొకమ్మీద పడాల."

పాప కొవ్వొత్తుల మీదికి వంగుతోంది. వెలుగు కావాలి దానికి. వేళ్లు చాచి ఊగుతోంది. ఒళ్లంతా పాల వాసన. అప్పుడు నా కడుపులోంచి లేచింది.

అదే. జెయింట్ వీల్. లేకపోతే వట్టి భయమా? రెండూ ఒకేలా మొదలవుతాయి. ఇన్ని రోజులుగా నాకు తెలీని సంగతి అదొక్కటే అని అప్పుడు తెలిసింది. అదో కాదో తెలియాలంటే ఆగి చూడాలి. ఆగి చూసేంత టైం లేదు. చేతుల్లో పాప ఉంది.

"పాపని తీసుకోండి," అన్నాను.

"భయమేటే? దీవించు."

"తీసుకోండి ఎవరైనా."

"ఆత్మ ఒస్తన్నాది కాబోలు, ఎవులూ కదపకండి దాన్ని," అంది మామ్మ.

"ఆత్మ కాదు! నాకు ఫిట్స్ వస్తాయి! తీసుకోండి!"

అరిచాను. అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. అమ్మ పాపని లాక్కుంది, అత్త నన్ను లాక్కుంది. ఇద్దరూ ఒకేసారి. నన్ను నేల మీద కూర్చోబెట్టి అత్త నా కళ్లలోకి చూస్తూ, "నా పేరు చెప్పు. చెప్పు షాలూ. నేనెవర్ని?" అంది.

"షీబా అత్త."

ఏమీ రాలేదు. అది వట్టి భయమే. చెప్పకుండా ఉన్నా సరిపోయేది. నిన్నటి నుంచీ అదే అనుకుంటున్నాను, చెప్పకుండా ఉన్నా సరిపోయేది.

 పాప ఏడుపు ఎత్తుకుంది.

"ఏటంటన్నాదిది?" మామ్మ నెమ్మదిగా అడిగింది. "ఫిట్సేటి? మా వంశంలో ఎవులికున్నాది?"

వచ్చేసింది ఆ మాట. నేను అమ్మ వైపు చూడకూడదని నేల వైపు చూశాను.

"మీ వంశంలో లేదు అత్తయ్యా," అంది అమ్మ. పాపని భుజాన వేసుకుని వీపు తడుతూనే ఉంది. "నా చెల్లికి ఉండేది. రూతుకి. అది కాలు జారి పోలేదు. బట్టలు ఉతుకుతుంటే వచ్చింది, బోర్లా పడింది. నేను ఇంట్లో ఉన్నాను. తువ్వాలు తేవడానికి వెళ్లాను."

నాన్న లేచి నిలబడ్డారు. "నాకెప్పుడూ సెప్పనేదేటి?"

"చెప్తే చేసుకునేవారా?"

నాన్న మళ్లీ కూర్చున్నారు.

"మరి దీనికి? దీనికొస్తన్నాదని నీకు తెలుసా?" అన్నారు నాన్న.

"ఎండాకాలం నుంచి తెలుసు. నిద్రలో వచ్చింది మొదట. గడియ ఊడదీసింది నేనే. దానికి తెలిస్తే భయపడుతుందని దానికి చెప్పలేదు. దేవుడు తీసేస్తాడనుకున్నాను."

నాకు తెలుసని అమ్మకి తెలీదు. అమ్మకి తెలుసని నాకు తెలీదు. ఇన్ని నెలలు ఒకే వంటింట్లో.

అబద్ధం. నాకు తెలుసు. గులాబీ పువ్వుల రోజే తెలుసు.

"అయితే ఆత్మ కాదా?" అంది మామ్మ. ఆ గొంతు మామ్మది కాదు, చిన్నపిల్లది లాగుంది. "ఊరందరికీ సెప్పినాను గదే షీబా."

"దేవుడు దాంతో మాటాడతాడో లేదో నాకు తెలదమ్మా," అంది అత్త. "ఇది మాత్రం జబ్బు. తలకి వైర్లు పెట్టి పరీక్ష చేస్తారు. మందులున్నాయి. మా వార్డులో మందులు వేసుకుని ఉద్యోగాలు చేసుకునే వాళ్లని రోజూ చూస్తాను. వదినా, రూతుకి మందులు ఇప్పించారా?"

"నూనె రాసి ప్రార్థన చేయించారు," అంది అమ్మ. "తాళాలు చేతిలో పెట్టారు."

మైనం గుడ్డ మీదికి కారుతోంది. ఎవరూ చూడలేదు. చివరికి మావయ్య, "పలావు సల్లారిపోతన్నాది, గుంటకి ముందు ఏదైనా తినిపించండి," అన్నాడు. తిన్నాం. మామ్మ తినలేదు. గదిలోకి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది.

పొద్దున్న మరిడమ్మ గారు వచ్చి, దీవెన ఎలా జరిగింది అని అడిగింది. మామ్మే గుమ్మంలోకి వెళ్లింది. ఏం చెప్పిందో వినపడలేదు. చాలాసేపు చెప్పింది. మరిడమ్మ గారు లోపలికి రాకుండానే వెళ్లిపోయింది.

సోమవారం వైజాగ్ వెళ్తాం. అత్త వాళ్ల ఆసుపత్రిలో డాక్టర్‌కి చూపిస్తుంది. వైర్లంటే ఎలాంటి వైర్లు? నొప్పి పెడతాయా? అడగలేదు.

డిసెంబర్ 27, శనివారం

అత్త వాళ్లు వెళ్లిపోయారు. మామ్మ నిన్నంతా నాతో మాట్లాడలేదు, ఇవాళ పొద్దున్న కూడా మాట్లాడలేదు. నా వల్ల చర్చిలో తల ఎత్తుకోలేకపోతోంది అనుకున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"తొంగో," అంది.

"నిద్ర రావట్లేదు మామ్మా."

"నిద్రపొమ్మన్లేదు. తొంగోమన్నాను. షీబా నిన్న నేర్పినాది. మర్సిపోకముందే ఒకపాలి సేసి సూసుకోవాల."

పడుకున్నాను. మామ్మ నా భుజం కిందా నడుం కిందా చేతులు పెట్టి ఒక్క తోపు తోసింది. నేను దాదాపు గోడకి కొట్టుకున్నాను.

"ఎడం పక్కకేనా? నీ ఎడమా, నా ఎడమా?"

"నాదే మామ్మా."

"నోట్లో ఏటీ పెట్టకూడదు. తాళాలిస్తే పాపం. తల కింద మెత్తటిది పెట్టాల. గట్టిగా పట్టుకోకూడదు." పాఠం అప్పజెప్తున్నట్టు చెప్పుకుంటూ నన్ను మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టి మళ్లీ తోసింది. "బరువెక్కినావే! కిస్మసు పలావంతా నువ్వే తిన్నావా?"

"నువ్వు తినలేదుగా, నీది కూడా తిన్నాను."

మామ్మ ముక్కుతో నవ్వింది. అలసిపోయి మంచం అంచున కూర్చుంది. చెయ్యి నా భుజం మీదే ఉంచింది.

"అది వొచ్చినప్పుడు భయమేస్తాదేటే నీకు?"

"వచ్చాక ఏమీ తెలీదు. వచ్చే ముందు వేస్తుంది."

"అయితే వొచ్చే ముందు నన్ను కేకెయ్. ఎక్కడున్నా ఒచ్చేస్తాను."

ఆ ముందు అనేది ఒక కేక పట్టేంత కూడా ఉండదు. అది మామ్మకి చెప్పలేదు. సరేనన్నాను.

మామ్మ వెళ్లలేదు. కూర్చునే నిద్రపోయింది. నేను ఎడమ పక్కకి తిరిగే ఉన్నాను, కదిలితే ఆ చెయ్యి జారిపోతుందని.